కన్యాశుల్కంలో వాడుక మాట: ఎవరిది, ఎవరి కోసం?

ప్రవేశిక

ఈ పాఠాన్ని కన్యాశుల్కం నాటకం పక్కన పెట్టుకొని చదవండి. ఇక్కడి చర్చకు ఆధారం 1909లో వచ్చిన రెండో కూర్పు. 1892లో విజయనగరంలో ప్రదర్శించి, 1897లో అచ్చువేసిన మొదటి కూర్పును గురజాడ అప్పారావు ఆ తర్వాత దాదాపుగా తిరగరాశారు. మధురవాణి పాత్ర మనకు తెలిసిన రూపానికి పెరిగింది ఈ రెండో కూర్పులోనే. కాబట్టి మీ దగ్గరున్న ప్రతి ఏ కూర్పుదో ముందుగా చూసుకోండి.

కన్యాశుల్కం భాష గురించి రాయమంటే మనలో చాలామంది ఒకే జవాబు రాస్తాం. గురజాడ గ్రాంథికాన్ని వదిలి వాడుక భాషలో రాశారు, ప్రతి పాత్రకూ తగిన భాష పెట్టారు, దీన్నే పాత్రోచిత భాష అంటారు, ఇందువల్ల నాటకంలో సహజత్వం వచ్చింది. ఇది తప్పు జవాబేమీ కాదు. మార్కులు కూడా వస్తాయి. అయితే ఈ జవాబు నాటకాన్ని చదవనివారు కూడా రాయగలరు. 'పాత్రోచితం' అనే మాటలో ఒక ఊహ దాగి ఉంది. మనిషికి ఒక స్థిరమైన స్వభావం, కులం, చదువు, ఊరు ఉంటాయి, వాటికి తగిన భాష ఒకటి ఉంటుంది, రచయిత పని ఆ భాషను పట్టుకొని ఆ నోట్లో పెట్టడం, అన్నదే ఆ ఊహ. గిరీశాన్ని ఈ ఊహలో ఇమడ్చడానికి ప్రయత్నించి చూడండి. అతనికి ఉచితమైన భాష ఏది? వెంకటేశంతో మాట్లాడేదా, అగ్నిహోత్రావధాన్లతో మాట్లాడేదా, బుచ్చమ్మతో మాట్లాడేదా, సౌజన్యారావు పంతులుతో మాట్లాడేదా? ఈ నాలుగూ నాలుగు రకాలు.

ఈ చిక్కు నుంచే మన చర్చ మొదలవుతుంది. ఇళ్లలో, వీధిలో, స్నేహితుల మధ్య వాడే అనధికారిక భాష ఒక మనిషి ఎవరో చెబుతుందని సాధారణంగా అనుకుంటాం. కన్యాశుల్కం దీనికి ఒక మెలిక పెట్టింది. మాటను బట్టి మాట్లాడేవాడి ఊరూ కులమూ తెలియవచ్చు, కాని అంతకంటే ఎక్కువగా తెలిసేది ఎదుటివాడి గురించి అతను వేసుకున్న అంచనా.

కొన్ని మాటల తేడా

ముందుకు వెళ్లేముందు, పరీక్ష పత్రాల్లో తరచూ కలిసిపోయే మూడు మాటలను విడదీసుకుందాం. యాస అంటే పలికే తీరు, మాటలోని సాగుడు, విరుపు. మాండలికం అంటే ఒక ప్రాంతానికో ఒక వర్గానికో చెందిన భాషారూపం. అందులో పదాలు, విభక్తులు, క్రియారూపాలు అన్నీ ఉంటాయి. శ్రీకాకుళం పల్లెల్లో 'ఏమిటి'కి బదులు 'ఏటి' అనడం, 'చెప్పు'కు బదులు 'సెప్పు' అనడం మాండలిక లక్షణాలు. స్లాంగ్ అని మనం ఇంగ్లీషు పేరుతోనే పిలుస్తున్నది మూడోది. అది ఒక గుంపు తన కోసం తయారు చేసుకున్న మాటల మూట. దానికి తెలుగులో ఒప్పుకోదగిన పేరు ఇంకా స్థిరపడలేదు. పాత వ్యాకర్తలు ఇలాంటివన్నీ కలిపి 'గ్రామ్యం' అని ఒక బుట్టలో వేశారు. ఆ బుట్ట వల్ల మనకు ఉపయోగం లేదు.

గుంపు మాటకు రెండు పనులుంటాయి. లోపలివాళ్లను కలపడం ఒకటి, బయటివాళ్లను బయటే ఉంచడం రెండోది. చిన్నప్పుడు మీరు 'క' భాష మాట్లాడే ఉంటారు. ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చి, 'నువ్వు రా' అనడానికి 'కను కవ్వు కరా' అంటారు. పెద్దవాళ్లకు అర్థం కాకూడదన్నదే అందులోని ఆనందం. పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర తేల్చుకోవడం కూడా ఇలాంటిదే. అక్కడ అసలు మాటే లేదు, కాని చుట్టూ నిలబడ్డవారికి బేరం తెలియదు. హైదరాబాదు కుర్రకారు 'లైట్ తీస్కో' అన్నా, 'కిరాక్' అన్నా అందులో రహస్యం తక్కువ, కలివిడి ఎక్కువ. ఇలాంటి మాటలు త్వరగా పాతబడతాయి కూడా. ఈ పుస్తకం మీ చేతికి అందేసరికి ఈ రెండూ ముసలివాళ్ల మాటలైపోయి ఉంటే ఆశ్చర్యం లేదు.

మైడియర్ అనే పిలుపు

ఇప్పుడు గిరీశం దగ్గరికి వద్దాం. అతను వెంకటేశాన్ని పిలిచే తీరు గమనించండి. 'వాయ్' అనే పాత తెలుగు పిలుపు పక్కనే 'మైడియర్' వస్తుంది, దాని వెంట షేక్‌స్పియర్ పేరు వస్తుంది. పరీక్ష తప్పిన కుర్రవాడిని షేక్‌స్పియర్ అనడంలోని హాస్యం అందరికీ తెలుసు. దాని పక్కనే జరుగుతున్న పని చాలామంది చూడరు.

తెలుగులో ఒక మనిషిని పిలవాలంటే ముందుగా లెక్క తేలాలి. అతను పెద్దా చిన్నా, 'నువ్వు' అనాలా 'మీరు' అనాలా, బాబూ అనాలా, ఒరేయ్ అనాలా, వరసేమిటి, కులమేమిటి. పిలుపు నోట వచ్చిందంటే ఈ లెక్క అయిపోయిందన్నమాట. గిరీశం గురువు, వెంకటేశం శిష్యుడు. గురువు శిష్యుడితో కలిసి చుట్ట కాల్చడం, శిష్యుడి డబ్బుతో గడుపుకోవడం తెలుగు లెక్కలో కుదరని పనులు. 'మైడియర్' ఆ లెక్కను తుడిచేస్తుంది. అది ఏ వరసకూ చెందదు, ఎవరినీ పెద్ద చేయదు, ఎవరినీ చిన్న చేయదు. దాని నీడలో గురుశిష్యులు కాసేపు స్నేహితులవుతారు. స్నేహితుడి దగ్గర తీసుకుంటే అది చేబదులు, శిష్యుడి దగ్గర తీసుకుంటే సిగ్గుచేటు. గిరీశానికి కావలసింది ఈ సర్దుబాటే.

ఇది నూరేళ్ల నాటి సంగతి అనుకోవద్దు. ఈ రోజు తిండి తెచ్చి ఇచ్చే డెలివరీ కుర్రాడూ, తలుపు తీసినవాడూ ఒకరినొకరు 'బ్రో' అని పిలుచుకుంటున్నారు. ఇద్దరూ పరిచయం లేనివాళ్లు. 'ఏమండీ' అంటే దూరం, 'ఒరేయ్' అంటే తగువు, 'అన్నా' అంటే వయసు లెక్క. 'బ్రో' ఈ మూడింటినీ తప్పిస్తుంది. విశాఖలో 'గురూ', గోదావరి జిల్లాల్లో 'మావా', హైదరాబాదులో 'భాయ్' చేసే పనికీ దీనికీ కొంత పోలిక ఉంది. అయితే ఆ మూడూ ఒక ఊరి వాసన మోస్తాయి, 'బ్రో'కు ఆ వాసన లేదు. 'బ్రో' అనుకున్నంత మాత్రాన ఆ ఇద్దరి మధ్య సమానత్వం వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. మెట్లెక్కి వచ్చినవాడు వచ్చాడు, లోపల కూర్చున్నవాడు కూర్చున్నాడు.

వాడుక భాష, అబద్ధం

గిరీశం కృష్ణరాయపురం అగ్రహారానికి వెళ్లాక ఏం జరుగుతుందో చూడండి. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే వినాలని వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ ఇంగ్లీషులో 'సంభాషిస్తారు'. వెంకటేశం నోట వచ్చేది చిన్నపిల్లల పద్యం, రేఖాగణితపు ముక్క. ఒకరి మాటకు ఇంకొకరి మాట జవాబు కాదు. అయినా తల్లి మురిసిపోతుంది. సమాచారం అనేది ఒక్క చుక్క కూడా లేకుండా ఒక సంభాషణ పూర్తిగా విజయం సాధించిన సన్నివేశం ఇది. ఆ ఇంట్లో ఇంగ్లీషుకు అర్థం అక్కర్లేదు, చప్పుడు చాలు. ఆ చప్పుడు వెనుక ఉద్యోగం ఉంది, కోర్టు ఉంది, దొరల ప్రాపకం ఉంది. వెంకమ్మను తెలివితక్కువదిగా చూపి నవ్వించే సన్నివేశంగా దీన్ని రంగస్థలం మీద ఆడుతుంటారు. నా ఉద్దేశంలో అది సన్నివేశాన్ని చిన్నది చేయడమే. కొడుక్కి ఏ భాష వస్తే బతుకు బాగుపడుతుందో ఆమె సరిగ్గానే లెక్కవేసింది. మోసం జరిగింది సరుకులో, లెక్కలో కాదు.

అదే ఇంట్లో అగ్నిహోత్రావధాన్లతో మాట్లాడేటప్పుడు గిరీశం దావా కాగితాలు చదివిపెట్టగల మనిషిగా మారతాడు. బుచ్చమ్మ ముందు ఇంగ్లీషు దాదాపుగా మూటకడతాడు. ఆమెకు ఆ చప్పుడుతో పని లేదని అతనికి తెలుసు. అక్కడ కథలు, స్వర్గం, ధర్మం ఇంట్లో మాట్లాడుకునే మెత్తని తెలుగులో వస్తాయి. విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు ముందు నిలబడినప్పుడు సంఘసంస్కర్త మాటలు, వేశ్యా సంపర్కాన్ని ఖండించే మాటలు ధారగా వస్తాయి. ప్రతిచోటా అతను ఎదుటివారి భాషలోనే మాట్లాడుతున్నాడు. ప్రతిచోటా అబద్ధమే చెబుతున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. ఈ నాటకం రాసిన మనిషి ఎవరు? వాడుక భాష కోసం గిడుగు రామమూర్తితో కలిసి పోరాడినవాడు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన తెలుగు వ్యాసరచన ఉపసంఘం నివేదికతో విభేదించి 1914లో అసమ్మతి పత్రం సమర్పించినవాడు. ఆ ఉద్యమం తరఫున మనం వినే వాదన ఒకటుంది. గ్రాంథికం కృతకం, వాడుక సహజం; గ్రాంథికం వేషం, వాడుక నిజం. ఉద్యమానికి అలాంటి వాదన అవసరమై ఉండవచ్చు. కాని ఉద్యమానికి గర్వకారణమైన ఈ నాటకం ఆ వాదనను నిలబెట్టదు. ఇందులో అందరికంటే చక్కగా, చురుగ్గా, తియ్యగా వాడుక తెలుగు మాట్లాడేవాడు అందరికంటే పెద్ద అబద్ధాలకోరు. వాడుక భాష అతని చేతిలో ఉన్నందువల్లే మోసం అంత సులువైంది. పుస్తక భాషలో మాట్లాడి ఉంటే బుచ్చమ్మ అతనితో లేచి వచ్చేదా? వేషాన్ని విప్పే శక్తి వాడుకకు ఎంత ఉందో, వేషం వేసే శక్తి కూడా అంతే ఉందని ఉద్యమకారుడైన రచయితకు తెలుసు. అది తెలిసి కూడా వాడుక పక్షాన నిలబడ్డాడు. నాకు గురజాడలో పెద్దదిగా కనిపించేది ఇదే.

మరి ఎవరూ వినని చోట గిరీశం ఏ భాష మాట్లాడతాడు? నాటకం మొదటి దృశ్యంలో, బొంకుల దిబ్బ దగ్గర, అతను ఒక్కడే ఉంటాడు. పూటకూళ్లమ్మ డబ్బు ఖర్చుపెట్టేసిన సంగతి తనలో తాను చెప్పుకుంటాడు. అక్కడ కూడా ఇంగ్లీషు కలుస్తుంది. ఖర్చు ఎవరి మీద పెట్టాడో చెప్పేటప్పుడు తెలుగు మాట వాడడు, 'డాన్సింగ్ గర్ల్' అంటాడు. తెలుగు మాట అయితే తప్పు తప్పులాగే వినిపిస్తుంది. ఇంగ్లీషు మాట దానికి కాస్త నాగరికపు రంగు పూస్తుంది. అంటే అతను తనకు తాను కూడా ఒక శ్రోతే, తనను తాను కూడా మెప్పించుకోవాలి. నాటకం చివర అన్నీ బయటపడి, మెప్పించవలసిన మనిషి ఎదుట మాట చెల్లనప్పుడు కూడా అతని ఆఖరి మాట ఒక ఇంగ్లీషు తిట్టుతో మొదలై అచ్చ తెలుగు నుడికారంతో ముగుస్తుంది. అప్పటికి ఎవరినీ నమ్మించే పని లేదు. ఎవరి కోసమో వేసుకున్న మాట వాడగా వాడగా అతని సొంత మాట అయిపోయింది. గిరీశం అసలు భాష ఏదని వెతికేవారికి దొరికే జవాబు ఈ కలగలుపే. ముసుగు తీసి చూస్తే వెనుక వేరే ముఖం ఉంటుందని ఆశించడం పాఠకుడి పొరపాటు.

కనిష్టీబు

ఇంగ్లీషు కన్యాశుల్కంలోకి ఇంకో దారిలో కూడా వచ్చింది. హెడ్డు కనిష్టీబు పాత్రను గుర్తు తెచ్చుకోండి. కానిస్టేబులు అనే మాట తెలుగు నోళ్లలో నలిగి, అక్షరాలు మార్చుకొని, 'కనిష్టీబు' అయింది. లాంతరు, ఆసుపత్రి ఇలా అరిగి మనవైపోయిన మాటలే. వీటిని వాడేవాడికి తాను పరాయి భాష మాట్లాడుతున్నానన్న స్పృహ ఉండదు. గిరీశం ఇంగ్లీషు మాటను మాత్రం ఎప్పుడూ ఇంగ్లీషుగానే పట్టుకుంటాడు, అరగనివ్వడు. అరిగితే దాని మెరుపు పోతుంది, మెరుపు పోతే తనకు పనికిరాదు. జనం తీసుకున్న ఇంగ్లీషు పనిముట్టు, గిరీశం ఇంగ్లీషు నగ. ఈ తేడాను గుర్తించకుండా 'కన్యాశుల్కంలో అన్యదేశ్యాలు' అని ఒకే పట్టిక రాసి రెండింటినీ వరసగా చేర్చడం వల్ల ప్రయోజనం లేదు.

ఈ నగను వేరే భాషలోకి తీసుకువెళ్లడం ఎంత కష్టమో ఊహించండి. 2007లో వెల్చేరు నారాయణరావు ఈ నాటకాన్ని 'గర్ల్స్ ఫర్ సేల్' పేరుతో ఇంగ్లీషులోకి అనువదించారు. నాటకమంతా ఇంగ్లీషైనప్పుడు గిరీశం ఇంగ్లీషు మాట ఎక్కడ మెరుస్తుంది? ఏ అనువాదకుడికైనా తప్పని చిక్కు ఇది. రెండు భాషల మధ్య ఉన్న ఎత్తుపల్లాల మీద నిలబడ్డ హాస్యం, నేల చదునైతే జారిపోతుంది.

మధురవాణి

మధురవాణి గిరీశం కంటే తక్కువేమీ మాటలు మార్చదు. రామప్పంతులును ఆడించేటప్పుడు ఒక భాష, కరటకశాస్త్రికి సాయపడేటప్పుడు ఒక భాష, మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లినప్పుడు ఇంకో భాష. వృత్తిరీత్యా ఆమెకు ఇది అవసరం. ఎదుటివాడు వినాలనుకున్నది వినిపించడం మీదే ఆమె తిండి ఆధారపడి ఉంది. మరి గిరీశానికీ ఆమెకూ తేడా ఎక్కడ?

మంచితనం అని ఒక్క మాటలో తేల్చకండి. మాటల దగ్గరే ఉండి చూడండి. గిరీశం తన మాటలను తానే నమ్ముతాడు, కనీసం చెబుతున్నంతసేపు. మధురవాణి నమ్మదు. రామప్పంతులుతో పొగడ్త పలుకుతున్నప్పుడు కూడా ఆమె మాటకు ఒక పక్క వాడి ఉంటుంది. రామప్పంతులుకు తగలదు, మనకు తగులుతుంది. ఒకే వాక్యం ఇద్దరు శ్రోతలకు రెండు రకాలుగా చేరుతుంది. వేళాకోళం చేయడానికి రెండు భాషలు తెలిస్తే చాలదు, రెంటి మధ్య ఉన్న సందు ఎక్కడుందో తెలియాలి. ఆమెకు ఆ సందు తెలుసు. చివరి అంకంలో సౌజన్యారావు పంతులుతో మాట్లాడేటప్పుడు ఆ వేళాకోళం నెమ్మదిగా తగ్గిపోవడం గమనించండి. వేషం మగవాడిది, మాట మాత్రం అప్పటివరకూ ఆమె నోట మనం విన్నవాటిలో అతి తక్కువ వేషం ఉన్న మాట.

అసిరి, ముత్యాలమ్మ

ఇప్పటివరకూ మాట మార్చగలవారి గురించే చెప్పుకున్నాం. మార్చలేనివారి సంగతి? లుబ్ధావధాన్లు ఇంటి పాలేరు అసిరిగాడు యజమాని ముందూ, బయటా ఒకే ఉత్తరాంధ్ర పల్లె భాష మాట్లాడతాడు. గురజాడ ఆ ఉచ్చారణను శ్రద్ధగానే పట్టుకున్నారు. అయినా నాటకంలో ఆ భాషకు దక్కిన చోటు చాలా తక్కువ, దాని పని కూడా ఎక్కువగా నవ్వు పుట్టించడమే. గిరీశం మాటకు నవ్వేటప్పుడు మనం అతని తెలివికి నవ్వుతాం. అసిరి మాటకు నవ్వేటప్పుడు దేనికి నవ్వుతున్నాం? పలుకుకా? అలా అయితే ఆ నవ్వులో మనకూ ఒక వాటా ఉంది. కన్యాశుల్కం ఎంత గొప్ప నాటకమైనా ఈ లోటును ఒప్పుకొనే చదవాలి. ఆనాటి అగ్రహారం కథలో పాలేరుకు అంతకంటే చోటు ఎలా వస్తుందని మీరు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. కాని అదే అగ్రహారంలో వేశ్యకు వచ్చింది కదా.

ఆ చోటు రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి, అంటే మనం రావిశాస్త్రి అని పిలుచుకునే రచయిత, 'ఆరు సారా కథలు' సంపుటిలో 'మాయ' అనే కథ రాశారు. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ, కొత్తగా వృత్తిలోకి వచ్చిన ఒక యువ ప్లీడరు అందులో ముఖ్యులు. ముత్యాలమ్మ తన పేట యాసలోనే లోకం తీరును ఆ ప్లీడరుకు విప్పి చెబుతుంది. డబ్బు, పోలీసు, కోర్టు, ప్లీడర్లు అందరూ ఆ మాటల్లో వరసగా వచ్చి నిలబడతారు. చదువుకున్నవాడు వింటాడు, చదువులేని ఆమె చెబుతుంది. యాస అదే కొస జిల్లాలది. అసిరి నోట నవ్వు పుట్టించిన ఆ పలుకే ముత్యాలమ్మ నోట మనల్ని తలవంచుకునేలా చేస్తుంది. ఉచ్చారణలో వచ్చిన మార్పు వల్ల ఇది జరగలేదు. ఎవరు మాట్లాడుతుంటే ఎవరు వినాలన్న వరుసను రచయిత తిరగేశాడు.

ఇందులో సంభాషణకు సంబంధించిన పాఠం కూడా ఉంది. ముత్యాలమ్మ చెప్పిన మాటలకు న్యాయస్థానంలో చోటు లేదు. అక్కడ అడిగిన ప్రశ్నకు జవాబు కావాలి, అదీ కాగితం మీదికి ఎక్కే భాషలో కావాలి. అవును, కాదు, తెలియదు. ఆమెకు తెలిసినదంతా ఆ మూడు మాటల బయటే ఉంది. అధికార భాష అబద్ధం చెప్పనక్కరలేదు, తనకు పనికిరాని మాటను వినకుండా ఉంటే చాలు.

ఎవరి వాడుక?

వాడుక భాష గెలిచిందని మన సాహిత్య చరిత్రలు రాస్తాయి. నిజమే, ఈ పాఠం కూడా అందులోనే ఉంది. అయితే గెలిచిన వాడుక ఎవరిది? గిడుగు కోరింది శిష్ట వ్యావహారికం, అంటే చదువుకున్నవారు మాట్లాడుకునే భాష. ఆయన, గురజాడ ఇద్దరూ ఉత్తర కోస్తా వారు. పత్రికలు, రేడియో, పాఠ్యపుస్తకాలు స్థిరపరిచిన వాడుక మాత్రం ఎక్కువగా కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువరులది. శ్రీకాకుళం పిల్లవాడికీ, చిత్తూరు పిల్లవాడికీ, కరీంనగర్ పిల్లవాడికీ అది ఇంటి భాష కాదు. వాళ్లు బడికి వెళ్లి నేర్చుకోవలసిన మరో గ్రాంథికం.

తెలంగాణలో ఈ సంగతి సాహిత్య చర్చగా మిగలలేదు, అస్తిత్వ పోరాటంలో భాగమైంది. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ యాసను రౌడీకో, హాస్యగాడికో ఇచ్చింది. నాయకుడు, నాయిక ఏ ఊరివారైనా వారికి పత్రికల భాషే ఉండేది. ప్రేక్షకుడు తన ఇంటి మాట తెరమీద ఎవరి నోట వినిపిస్తుందో చూసి, తన మాటకు లోకం ఎంత విలువ కట్టిందో తెలుసుకున్నాడు. 2017లో వచ్చిన 'ఫిదా'లో బాన్సువాడ అమ్మాయి నాయికగా అదే యాసలో మాట్లాడినప్పుడు వచ్చిన ఆదరణను ఈ నేపథ్యంలో చూడాలి. ఆ పలుకు కొత్తది కాదు, దానికి సినిమా ఇచ్చిన కుర్చీ కొత్తది. ఇప్పుడు రెండు రాష్ట్రాలు రెండు భాషా దినోత్సవాలు జరుపుకుంటున్నాయి. గిడుగు పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, కాళోజీ నారాయణరావు పుట్టిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం. పదకొండు రోజుల ఎడం ఉన్న ఈ రెండు తేదీల మధ్య నూరేళ్ల వాదం ఉంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. యాసకు గౌరవం దక్కగానే దాన్ని నగలా ధరించేవారు బయలుదేరతారు. ఊరి మాటలు నాలుగు చల్లితే కథకు మట్టివాసన వస్తుందని నమ్మే రచయితలున్నారు. ఎన్నికల సభలో మాత్రమే ఇంటి యాస గుర్తొచ్చే నాయకులున్నారు. వాళ్ల మాట విన్నప్పుడు గిరీశం గుర్తుకు రావాలి. అతను కూడా ఎదుటివారి భాషలోనే మాట్లాడాడు.

దూరవిద్య విద్యార్థులుగా ఈ విషయం మీకు పుస్తకంలోనిదే కాదు. మీలో చాలామంది పగలు పనిచేస్తూ, రాత్రి ఇలాంటి పాఠాలు చదువుతున్నారు. ఇంట్లో ఒక తెలుగు, పనిచోట ఒక తెలుగు, జవాబుపత్రంలో ఇంకో తెలుగు వాడుతున్నారు. సంపర్క తరగతుల్లో నోరు తెరవడానికి కొందరు వెనుకాడతారు. ప్రశ్న తెలియక కాదు, పలుకు విని పక్కవారు నవ్వుతారేమోనని. గిరీశం నాలుగు భాషలు మారిస్తే చతురుడంటాం, ఒక విద్యార్థి తన ఒక్క భాషతో లేచి నిలబడితే సరిగా మాట్లాడడం రాదంటాం. విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఇక్కడ ఉంది: మాట మార్చే స్వేచ్ఛ ఎవరికి ఉంది, మార్చకుండా ఉండే స్వేచ్ఛ ఎవరికి ఉంది?

అభ్యాసం

ఒక రోజంతా మీరు ఇతరులను పిలిచిన పిలుపులు, ఇతరులు మిమ్మల్ని పిలిచిన పిలుపులు ఒక కాగితం మీద రాయండి. అన్నా, సార్, ఏమ్మా, బ్రో, ఒరేయ్, మేడమ్, ఏవైనా సరే. ఒకే మనిషితో పిలుపు మారిన చోట గీత గీయండి. ఆ మార్పుకు ముందు ఏం జరిగింది, మార్చింది మీరా వారా అన్నది పక్కన రాయండి. తర్వాత కన్యాశుల్కం తీసి, రామప్పంతులు, మధురవాణి కలిసి ఉన్న ఒక దృశ్యంలో ఇదే పని చేయండి. ఎవరి పిలుపు ముందుగా మారిందో, మారాక సంభాషణ ఎవరి చేతిలోకి వెళ్లిందో ఒక పుటకు మించకుండా రాయండి. మీకు ఇంట్లో వచ్చే తెలుగులోనే రాయండి.